అటక మీది రెండు కళ్ళేలు

మా ఇంట్లో భోగిమంటకు పాత కర్ర వెతికే పని పిల్లలది. మొన్న సంక్రాంతికి పలివెల దగ్గరి మా ఊళ్ళో చేరిన పిల్లలందరూ తెల్లవారుజామునే అటకెక్కి, చెదలు పట్టిన మామిడిచెక్క పెట్టె నొకదాన్ని దింపుకొచ్చారు. పెట్టె మంటకు చెల్లిపోయింది. అందులోంచి నేలమీద పడ్డ ఇనుపముక్కలు రెండు మాత్రం నా చేతికి వచ్చాయి.

"ఇవేమిటి తాతయ్యా?" అన్నాడు మా తమ్ముడి మనవడు. ఒకడు సంకెళ్ళన్నాడు, ఇంకొకడు పాతకాలపు తాళమన్నాడు. కళ్ళేలన్నాను. వాడికి ఆ మాట తెలుసు. ధరలకు కళ్ళెం వెయ్యడం, అవినీతికి కళ్ళెం వెయ్యడం పేపర్లో చదివాడు. కళ్ళెమనేది ఒక వస్తువని, అది గుర్రం నోట్లో ఉంటుందని మాత్రం తెలియదు. వస్తువు పోయి మాట మిగిలిందన్నమాట.

మొదటిది రెండు పొట్టి ఇనుపకడ్డీలను మధ్యలో కొక్కేల్లా ఒకదానిలో ఒకటి తగిలించి చేసినది. రెండు కొసలా గాజులంతేసి వలయాలు. కడ్డీ ఒకపక్క బాగా అరిగి సన్నబడింది, పళ్ళు దిగిన గుంటలు వేలికి తెలుస్తున్నాయి. దానికి చుట్టిన గుడ్డపీలిక ఒకటి నల్లగా చెక్కలా బిగిసిపోయి ఇంకా అంటుకొనే ఉంది. రెండవది ఒకే లావుపాటి కడ్డీ. నోటిలోకి వచ్చే భాగమంతా పల్లేరుకాయల్లాంటి ముళ్ళు. దానిమీద అరుగుదల లేదు. తుప్పు తప్ప మరే మచ్చా లేదు.

ఈ రెంటి కథా నాకు తెలుసుననే అనుకున్నాను, ఆ పొద్దుటి వరకు.

1960ల తొలినాళ్ళలో మా తాతగారికి సొంత జట్కా ఉండేది. కరణీకం, కోర్టు వ్యవహారాలు, కొత్తపేటకు అమలాపురానికి తిరుగుళ్ళు. ఎర్రని టట్టుగుర్రం, చెవుల కొనలు నల్లన, వయసు నాలుగేళ్ళని చెప్పి అమ్మారు. దాన్ని తోలడానికి ఒక సాయిబుగారు కుదిరారు. వచ్చిన కొద్ది వారాలకే గుర్రం కళ్ళేన్ని నమలడం మొదలుపెట్టింది. నిలబెట్టినా నమలడమే, నడిచినా నమలడమే. కటకటమనే ఆ చప్పుడు వీధి మలుపులోనే వినబడేది. నురగ కారుతూ, తల ఒకపక్కకు విదిలిస్తూ ఉండేది. ఊళ్ళో పిల్లలం దానికి 'ఇనుము తినే గుర్రం' అని పేరు పెట్టాం. సాయిబుగారు కడ్డీకి పాతగుడ్డ చుట్టి, బెల్లం పాకం రాసి, బుజ్జగిస్తూ నోట్లో పెట్టేవారు. ఒకనాడు కాలువగట్టు మీద అది తల విదిలించిన విసురుకు చక్రం గట్టు అంచుకు జారింది. లోపల మా నాయనమ్మ ఉంది. ప్రమాదమేమీ జరగలేదు గాని, తాతగారు మరునాడే ఎక్కడినుంచో ముళ్ళ కళ్ళెం తెప్పించారు. దాన్ని తన చేత్తో వెయ్యలేనన్నారు సాయిబుగారు. ఆయనను మాన్పించారు. వేరొకతను వచ్చాడు. నెల తిరక్కుండా గుర్రం నోటినుంచి నెత్తురు, ఆ పైన దాణా ముట్టకపోవడం. సంతలో అయినకాడికి అమ్మేశారు. జట్కా కొన్నాళ్ళు కోళ్ళగూడయింది.

మా ఇంట్లో ఈ కథకు 'పొగరుబోతు గుర్రం, మొండి సాయిబు' అని పేరు. పెళ్ళిళ్ళలో, తద్దినాలలో, భోజనాలయ్యాక చెప్పుకొని నవ్వుకోవడానికి పనికివచ్చేది. నేనూ ఎన్నోసార్లు అలాగే చెప్పాను, ఆ కటకటను నోటితో అనుకరించి మరీ.

ఆ పొద్దుట అరిగిన కడ్డీని వెలుగులో తిప్పి చూస్తుంటే, ఇన్నేళ్ళుగా నేను చదివిన నాలుగు సంగతులు ఒకదానికొకటి తగులుకొన్నాయి. ఈ టపా వాటి గురించే.

ముందు మాట సంగతి. అమరకోశం కవిక, ఖలీనం అని రెండు పేర్లనూ పక్కపక్కనే చెబుతుంది. ఈ ఖలీనం మన దేశంలో పుట్టినది కాదనీ, గ్రీకు 'ఖలినోస్' నుంచి వచ్చినదనీ భాషావేత్తలు చెబుతారు. అలెగ్జాండరు వెనక వాయవ్యంలో స్థిరపడిన యవనుల గుర్రాలతోబాటు ఆ మాట కూడా సంస్కృతంలోకి దౌడు తీసిందన్నమాట. మన కళ్ళేన్ని చూస్తే ఖలీనానికి చుట్టరికం ఉన్నట్టే నా చెవికి వినిపిస్తుంది. చెవి సాక్ష్యానికి కోర్టులో విలువ లేదు గనుక అంతటితో వదిలేస్తాను. తరువాత తురకరౌతులతో పారసీకపు 'లగాము' వచ్చింది. జట్కావాళ్ళ నోట నేను విన్నది అదే. 'జట్కా' మాటకూడా హిందుస్తానీ 'ఝట్కా' నుంచి వచ్చినదే. గుర్రానికి సంబంధించిన మాటలకోసం మనం ఎప్పుడూ పొరుగుకు వెళ్ళవలసి రావడం గమనించదగ్గది. ఎద్దు విషయం అలా కాదు. ముకుతాడు, పలుపు, కాడి, చర్నాకోల, అన్నీ ఇంటి మాటలే.

ఇక గుర్రం నోరు. ముందు పళ్ళకూ దవడపళ్ళకూ నడుమ గుర్రానికి పళ్ళులేని ఖాళీ చిగురు ఉంటుంది. కళ్ళెం కూర్చునేది అక్కడ, నాలుక మీదుగా. మగ గుర్రాలకు నాలుగైదేళ్ళ వయసులో ఆ ఖాళీలో కోరపళ్ళు మొలుస్తాయి. కొన్నింటికి దవడపళ్ళకు సరిగ్గా ముందు చిన్న అదనపు పన్నొకటి ఉంటుంది. అది కడ్డీ తగిలినప్పుడల్లా జివ్వుమంటుంది. గుర్రం పళ్ళు బతికినన్నాళ్ళూ పైకి జరుగుతూనే ఉంటాయి, మేతతో అరుగుతూనే ఉంటాయి. పై దవడ కింది దవడకంటె వెడల్పు గనుక అరుగుదల సమానంగా ఉండదు. పై పళ్ళ బయటి అంచూ, కింది పళ్ళ లోపలి అంచూ కత్తుల్లా మిగిలి బుగ్గనూ నాలుకనూ కోస్తాయి. పశువైద్యులు ఆకురాయితో ఆ అంచులు రాయడం అందుకే. అన్నిటికంటె ముఖ్యం, రెండున్నర ఏళ్ళనుంచి నాలుగేళ్ళు దాటేవరకు పాలదవడపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటాయి. ఊడీ ఊడని పన్ను టోపీలాగ కొత్తపన్ను మీద కూర్చుంటుంది. పిల్లవాడు ఊగే పంటిని నాలుకతో కదిలించినట్టే గుర్రమూ దాన్ని దేనితోనో ఒకదానితో కదిలించుకుంటుంది. నోట్లో ఇనుపకడ్డీ ఉంటే ఇక చెప్పేదేముంది?

నాలుగేళ్ళ గుర్రమని చెప్పి అమ్మారన్నాను కదూ. కొనేటప్పుడు మా తాతగారు శాస్త్రం తెలిసినవారిని వెంటబెట్టుకు వెళ్ళి సుళ్ళు చూపించారట. నుదుట సుడి, కంఠాన సుడి, డొక్కలో సుడి. ఎక్కడ ఉంటే శుభం, ఎక్కడ ఉంటే యజమానికి అరిష్టం అన్నది మన అశ్వలక్షణ గ్రంథాలలో ఎంతో విపులంగా ఉంటుంది. శాలిహోత్రుడి పేర చెలామణీ అయ్యే సంస్కృత గ్రంథాలనుంచి, తెలుగులో మనుమంచి భట్టు పద్యాలలో చెప్పిన అశ్వశాస్త్రం దాకా గుర్రం ఒళ్ళంతా చదివే సంప్రదాయం మనకుంది. ఆ శాస్త్రాలలో పళ్ళనుబట్టి వయసు కట్టడమూ ఉంది. కాని ఊళ్ళలోకి దిగివచ్చేసరికి మిగిలినవి సుళ్ళే. దానం చేసిన ఆవుకు పళ్ళెంచే జాతి మనది. డబ్బుపోసి కొన్న గుర్రం నోరు మాత్రం తెరిచి చూడలేదు.

కళ్ళెం నమిలే గుర్రం కొత్త సమస్య కాదు. క్రీ.పూ. నాలుగవ శతాబ్దిలో గ్రీకు సేనాని జెనొఫన్ అశ్వారోహణం మీద చిన్న పుస్తకం రాశాడు. గుర్రం కలవాడికి కనీసం రెండు కళ్ళేలుండాలంటాడు. ఒకటి నున్ననిది, రెండవది ముళ్ళుగలది. ఇక్కడ మా తాతగారి పక్షాన ఒక సాక్షి దొరికినట్టే కనిపిస్తుంది. అయితే జెనొఫన్ ముళ్ళదాన్ని వాడమన్నది గుర్రం దాన్ని పట్టుకోకుండా వదిలేసేటందుకు, ఆ వదలడం నేర్చుకున్నాక నున్ననిదానికి మార్చేటందుకు. గట్టిగా బిగుసుకుపోయే కడ్డీకంటె కీళ్ళు కదిలే కళ్ళెమే మేలంటాడు, బిగుసుకున్నదాన్ని గుర్రం దవడతో పట్టేస్తుంది గనుక. ఆ పైన ఒక ముచ్చటైన సంగతి చెబుతాడు. కడ్డీ మధ్యనుంచి చిన్న చిన్న వలయాలు వేలాడగట్టాలట. గుర్రం వాటిని నాలుకతోనూ పళ్ళతోనూ వెతుక్కుంటూ ఉంటుంది, కడ్డీని దవడకు ఎగలాక్కోవడం మరచిపోతుంది. అంటే నమలడం మాన్పించడం కాదు, నమలడానికి హాని లేనిదాన్ని చేతికి, కాదు, నోటికి ఇవ్వడం. నేటికీ పాశ్చాత్యదేశాల్లో కొత్త గుర్రాన్ని కళ్ళేనికి అలవాటు చేసేటప్పుడు మధ్యలో తాళంచెవుల్లాంటి బిళ్ళలు వేలాడే కడ్డీ వాడతారు. రెండువేల మూడువందల ఏళ్ళకు పైబడిన చిట్కా అది.

అదే కాలపు మన గుర్రాల సంగతి రెండవ శతాబ్దిలో అరియన్ రాసిన 'ఇండికా'లో ఉంది. అలెగ్జాండరు నౌకాధిపతి నియర్కస్ రాతలు ఆయనకు ఆధారం. భారతీయులు గ్రీకులలాగ కళ్ళెం వెయ్యరనీ, గుర్రం మూతి చుట్టూ పచ్చితోలు పట్టీ కుడతారనీ, దానికి లోపలివైపున కంచువో ఇనుమువో ముళ్ళుంటాయనీ, అవి మరీ వాడివి కావనీ, ధనికులైతే దంతపు ముళ్ళు వాడతారనీ చెబుతాడు. నోటిలో మాంసం కాల్చే చువ్వలాంటి కడ్డీ ఉంటుంది. పగ్గాలు దానికే కడతారు. లాగితే చువ్వ అదుపుచేస్తుంది, ముళ్ళు గుచ్చుతాయి. దంతపు ముల్లయినా ముల్లే కదా. గుచ్చేది దంతమా ఇనుమా అన్నది యజమాని హోదాకు సంబంధించిన విషయం, గుర్రానిది కాదు.

మా కళ్ళెం మీది పంటిగుంటలకు తిరిగి వస్తాను. మనిషి గుర్రాన్ని ఎప్పుడు లొంగదీశాడన్న ప్రశ్నకు చరిత్రకారులు జవాబు వెతికినది సరిగ్గా ఈ నమిలే అలవాటులోనే. తోలు పగ్గాలూ తాళ్ళూ వేల ఏళ్ళు నిలవవు, పళ్ళు నిలుస్తాయి. గుర్రం కడ్డీని నాలుకతో వెనక్కు నెట్టి మొదటి దవడపళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంటుందని హిలరీ క్లేటన్ 1980లలో ఎక్స్-రే సాయంతో చూపించారు. అలా నమలగా నమలగా కింది దవడలోని ఆ మొదటి పన్ను ముందంచు ఏటవాలుగా అరుగుతుంది. డేవిడ్ ఆంథొనీ, డార్కస్ బ్రౌన్ దంపతులు ఆ అరుగుదలను కొలవడం మొదలుపెట్టారు. తాడు, తోలు, ఎముకతో కళ్ళేలు చేయించి, నాలుగు గుర్రాలకు ఒక్కొక్కదానికి నూటయాభై గంటలపాటు వేసి పళ్ళు కొలిచారు. ఉక్రెయిన్‌లోని డెరీవ్కాలో దొరికిన ఒక మగగుర్రం పళ్ళను చూసి ఆరువేల ఏళ్ళనాటి స్వారీ దొరికిందని 1991లో ప్రకటించారు. తీరా కర్బన పరీక్ష చేస్తే, ఆ గుర్రం పాత పొరలోకి తరువాతెప్పుడో గొయ్యి తీసి పెట్టినదని, ఎంతో ఇటీవలిదని తేలింది. ఆ తప్పును వాళ్ళే ఒప్పుకొని ప్రచురించారు. ఆ తరువాత కజకస్తాన్‌లోని బొటాయ్‌లో, క్రీ.పూ. 3500 నాటి పళ్ళమీద అదే గుర్తు చూపించారు. 2021లో మరికొందరు, అలాంటి అరుగుదల కళ్ళెమెరుగని అడవిగుర్రాలకూ సహజంగా వస్తుందని దాన్నీ ప్రశ్నించారు. వాదం తెగలేదు. నాకు నచ్చినది ఏమిటంటే, తోలేవాడు చెడ్డ అలవాటని చీదరించుకొన్నదే పండితులకు శాసనమయింది. అక్కడ కడ్డీ పళ్ళమీద రాసింది. మా అటకమీద పళ్ళు కడ్డీమీద రాశాయి. ఒకపక్కనే ఎక్కువ అరగడాన్ని బట్టి ఆ గుర్రానికి బాధ ఒకవైపే ఉండేదని, తల విదిలించినది కూడా ఆ వైపే అయివుంటుందని ఇప్పుడు నాకు తోస్తోంది.

ఇంత సంగతి మా తాతగారికి తట్టకపోవడానికి కారణం ఆయనలో కంటె ఆయన నేలలో ఉంది. కోనసీమ ఎద్దుల సీమ, పడవల సీమ. గౌతమి, వైనతేయ, వసిష్ఠల మధ్య మెత్తని ఒండ్రునేల. (పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో ఈ కోనమండలాన్ని ఏలినవారు హైహయులు. పేరులోనే హయం ఉన్నా, అది మా నేలమీద గుర్రాలను పెంచలేదు.) 1847–1852 మధ్య కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక, లాకులతో కాలువలు వచ్చాక, సరుకంతా పడవలమీద. హేగ్ కట్టిన 49 కమానుల గన్నవరం అక్విడక్టుతో నది మీదుగానే నీరూ పడవలూ నడిచాయి. రైలు రాలేదు. కాకినాడనుంచి కోటిపల్లి దాకా 1928లో వేసిన పట్టాలను 1940లో యుద్ధం అవసరాలకు పెరికి పట్టుకుపోయారు. తిరిగి వేసినది 2004లో. గోదావరి దాటి ముక్తేశ్వరం రేవులో దిగినవారికి కాలినడక, ఎడ్లబండి, లేకుంటే జట్కా. కాలువగట్లే రోడ్లు. ఇలాంటి చోట గుర్రం పరాయి జంతువు. దాన్ని ఎరిగినవారు దూదేకుల, సాయిబుల కుటుంబాలు కొన్నే.

ఎద్దుకు ముక్కు కుట్టి ముకుతాడు వేస్తాం. లాగితే నొప్పి, నొప్పికి ఎద్దు తిరుగుతుంది. తిరగకపోతే ఇంకా గట్టిగా లాగుతాం. ఎద్దులతో పెరిగినవాడు కళ్ళేన్ని కూడా గుర్రపు ముకుతాడుగానే అర్థం చేసుకుంటాడు. కాని ముకుతాడు మనం చేసిన గాయంలో ఉంటుంది, కళ్ళెం ప్రకృతి వదిలిన ఖాళీలో ఉంటుంది. గాయానికి నొప్పి ఒకటే భాష. ఖాళీలో కూర్చున్నదానితో మెల్లగా మాట్లాడవచ్చు, వినవచ్చు కూడా.

ఈ తెలియమి మా కరణంగారికొక్కరికే అంటగట్టను. దక్షిణాది మొత్తం శతాబ్దాలపాటు గుర్రాలను కొన్నది, గుర్రాలను నేర్చుకోలేదు. పదమూడవ శతాబ్ది చివర తమిళ తీరాన మాబారు రాజులను చూసిన మార్కో పోలో, హొర్ముజు మొదలైన రేవులనుంచి ఏటా వేల గుర్రాలు దిగుతాయనీ, వాటిలో చాలామటుకు చచ్చిపోతాయనీ, వాటిని సాకే తెలివి ఇక్కడ లేదనీ, అన్నంతో మాంసం వండి పెడతారనీ రాశాడు. అమ్మేవాళ్ళు గుర్రపు వైద్యులను ఇక్కడికి రానివ్వరట, గుర్రాలు బతికితే బేరం తగ్గుతుంది గనుక. నునిజ్ రాతల్లో ఇంకా విడ్డూరం. సాళువ నరసింహుడు హొర్ముజు గుర్రాలను చచ్చినా బతికినా వెయ్యి వరహాలకు మూడు చొప్పున కొనేవాడట. సముద్రంలో చచ్చినదాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికినదానితో సమానంగా సొమ్ము ముట్టేది. కృష్ణరాయలు ఏటా పదమూడు వేలు కొనేవాడని ఆయనే చెప్పాడు. తోకకు వెల కట్టిన దేశంలో నోటిని ఎవరు చూస్తారు? అలాగని తెలిసినవారు లేకపోలేదు. కళ్యాణి చాళుక్య సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో 'మానసోల్లాసం'లో వాజివాహ్యాళీ వినోదమని గుర్రాల శిక్షణకూ ఆటకూ ప్రత్యేకంగా చోటిచ్చాడు. కాకతీయుల కొలువులో సాహిణి అనే పదవి ఉండేది. కాని ఆ తెలివి కోట దాటి బండిదాకా రాలేదు.

మరి ఆ గుర్రానికి ఏ కళ్ళెం తగినది? తీరిక ఉన్న ముసలివాణ్ణి, అరవై ఏళ్ళ తరువాత కూర్చొని ఎంచుతున్నాను. ఈ విషయంలో నేటి పశువైద్యులూ శిక్షకులూ చెప్పేది దాదాపు ఒకటే. మొదట ఏ కళ్ళెమూ వద్దు. నోరు తెరిపించి, పాలపన్ను ఊగుతోందా, అదనపు పన్ను ఉందా, అంచులు కోస్తున్నాయా చూడాలి. పుండుంటే మానేదాకా బండి కట్టకూడదు. తరువాత కొలత. కడ్డీ పెదవులకు ఇరుపక్కలా పావు అంగుళం మించి బయటికి రాకూడదు. ఎక్కువైతే అటూ ఇటూ జారి నోటిని రాస్తుంది, తక్కువైతే పెదవి మూలలు నలుగుతాయి. మరీ కిందికి వేలాడితే గుర్రం దానితో ఆడుకుంటుంది, నాలుకను దానిమీదికి తెస్తుంది. మరీ ఎగగడితే ఎప్పుడూ లాగుతున్నట్టే. లావు కడ్డీ మెత్తన అన్న మాట నిజమే గాని, చిన్ననోటి టట్టుకు లావు కడ్డీ పెడితే నాలుకకు చోటుండదు, చోటు లేని నాలుక ఊరుకోదు.

ఆ తరువాతే ఆకారం. మధ్యన ఒకే కీలున్న కడ్డీని లాగితే రెండు ముక్కలూ మడిచి, కీలు అంగిలివైపు లేస్తుంది, కింద నాలుక నలుగుతుంది. కొన్ని గుర్రాలు దాన్ని సహిస్తాయి, కొన్ని నమిలి చెబుతాయి. మా అటకమీది నున్నని కళ్ళెం ఆ రకమే. సాయిబుగారు చుట్టిన గుడ్డ సరిగ్గా ఆ కీలు దగ్గర ఉండడం ఇన్నేళ్ళకు గమనించాను. అలా ఊరికే నమిలే గుర్రానికి కీలులేని నున్నని వంపు కడ్డీనో, మధ్యలో చిన్న బిళ్ళతో రెండు కీళ్ళున్నదో మేలు. వలయాలు కడ్డీలో గిరగిర తిరిగేవి కాక, కదలకుండా అతికినవైతే కడ్డీ నోట్లో నిలకడగా ఉంటుంది. పొడవాటి చెంపకడ్డీలతో దవడకు గొలుసు బిగించే రకం తూనికకోలలాగ బలాన్ని పెంచుతుంది గనుక ఇలాంటి గుర్రానికి పనికిరాదు. నోరు తెరవకుండా మూతికి పట్టీ బిగించడం కూడా అంతే, మూలిగేవాడి నోరు మూసినట్టు. ఇక కొద్దిగా, మెత్తగా, పెదవులు తడిగా ఉంచుకొని కడ్డీని చప్పరించే గుర్రాన్ని అసలు మాన్పించకూడదు. దవడ వదులుగా ఉన్నదని, తోలేవాడి చేయి దానికి సమ్మతమేనని ఆ చప్పరింతకు అర్థం. పళ్ళు కటకటలాడించడం వేరు. రెంటికీ తేడా పక్కన నిలబడి విన్నవాడికే తెలుస్తుంది.

ముళ్ళ కళ్ళేన్ని మన చట్టమే నిషేధించింది. జంతువులపట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960లో వచ్చింది. దానికింద బండ్లు లాగే పశువులకోసం 1965లో చేసిన నియమాలు ముళ్ళున్న కళ్ళేలను, పశువును గాయపరిచే ఏ సాధనాన్నయినా వాడకూడదన్నాయి. మా గుర్రానికి అవి రెండు మూడేళ్ళు ఆలస్యం.

కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలు చూసుకొని, మరునాడు కొత్తపేట వెళ్ళాను. సాయిబుగారి మనవడు అక్కడ ఆటో నడుపుతాడని ఎప్పుడో విన్నాను. స్టాండులో అడిగితే వెంటనే చూపించారు. నలభై దాటిన మనిషి. ఫలానా ఊరి కరణంగారి మనవణ్ణని చెప్పుకొన్నాను. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు.

"ఆయ్, తెలుసండి. మా తాత మీ దగ్గర చేశారండి" అన్నాడు.

గుర్రం సంగతి ఏమైనా చెప్పేవారా అని అడిగాను.

"చెప్పేవోరండి. దానికి పన్నుపోటండి మాస్టారూ. పన్ను మారతందండి, ఓ నెల బండి కట్టకండి, అదే సద్దుకుంటాదండి అని పెద్దయ్యగారికి చెప్పేరంటండి. ఇనలేదంటండి." కొంచెం ఆగి, మర్యాదకోసమన్నట్టు, "ఆ రోజులు అలాంటియ్యండి" అన్నాడు.

మా ఇంటి కథలో ఈ మాట ఎన్నడూ లేదు. పెద్దయ్యగారికి చెప్పారన్నది ఎవరూ చెప్పలేదు. అరవై ఏళ్ళుగా మొండివాడని మేము నవ్వుకొన్న మనిషి పన్ను మారుతోందని చెప్పి, నెల గడువడిగి, ఉద్యోగం పోగొట్టుకొన్నాడు.

సంచిలోంచి రెండు కళ్ళేలూ తీసి ఇచ్చాను. ముళ్ళదాన్ని ఒకసారి తిప్పి చూసి వెనకసీటు మీద పెట్టేశాడు. గుడ్డ చుట్టినదాన్ని మాత్రం ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. బెల్లం వాసన ఇన్నేళ్ళు ఉంటుందా? ఇనుము వాసన తప్ప మరేముంటుంది?

"ఇది మా తాత చుట్టిందేనాండీ?"

అవునన్నాను. దాన్ని చేతిరుమాలులో చుట్టి, తన సీటుకింది అరలో పెట్టుకొన్నాడు. అంతలో ఇద్దరు ఆడవాళ్ళు పిల్లాడితో వచ్చి రావులపాలెం వెళతావా అని అడిగారు. వెనకసీటు మీది ఇనుపముక్కను తీసి నా చేతికి తిరిగి ఇచ్చి, "ఇది మీదండి, ఉంచుకోండి" అని ఆటో తిప్పాడు.